ఉద్దానం నుండి ఒక దరఖాస్తు

విదేశాలకు పోవడం మా ఉద్దానం వారికి కొత్త సంగతి కాదు. తిరిగి వచ్చే తేదీని ముందుగానే కాగితం మీద వ్రాసి, సంతకం చేసి పోవడం మాత్రం కొత్త సంగతి. మా మామ్మకు మామగారైన పెద్దాయన యౌవనంలో రంగూను పోయి బియ్యపు మిల్లులో కూలిచేశారట. 1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగంగానే ఉండేది కనుక ఆయనకు పాస్‌పోర్టు అక్కరలేకపోయినది. ఓడ టిక్కెట్టు, చేతిలో మూట, అంతే. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించిన పిమ్మట, అరకాను దారిన కాలినడకన మరలివచ్చిన వేలాది తెలుగువారిలో ఆయన ఒకరు. ఆయన వెంట వచ్చిన ఆస్తి అరచేతి వెడల్పు ఉండే బర్మా లక్కపెట్టె ఒక్కటే. మామ్మ అందులో వక్కపలుకులు దాచుకునేది. ఈనాడు అందులో నా పాస్‌పోర్టు ఉన్నది.

ఆ పాస్‌పోర్టు కథే ఈ వ్యాసం. మన కళాశాలలో నా తరువాత దరఖాస్తు చేయదలచిన సోదరీసోదరులకు ఇది కొంత పనికి వస్తుందని తలచి వ్రాస్తున్నాను.

2024 నవంబరు మాసంలో మన నోటీసు బోర్డుపై ఒక కాగితం వెలసినది. పోర్చుగల్ దేశంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టరు చదివి, ఆ క్రెడిట్లతో తిరిగి వచ్చి ఇక్కడనే డిగ్రీ పూర్తిచేయవచ్చునని దాని సారాంశం. నేనప్పుడు బి.యస్సీ. రసాయనశాస్త్రం రెండవ సంవత్సరం. ఐరోపా దేశాలు తమ విద్యార్థుల పరస్పర వినిమయం కొరకు 1987లో ఎరాస్మస్ అనే పథకాన్ని ప్రారంభించాయి. మొదటి ఏట 11 దేశాల నుండి 3,244 మంది మాత్రమే ప్రయాణించారు. తరువాతి కాలంలో ఐరోపా వెలుపలి దేశాలకు కూడా దాని ద్వారాలు తెరచుకున్నాయి. అతిథి విశ్వవిద్యాలయం బోధనారుసుము వసూలు చేయదు, నెలనెలా భత్యం లభిస్తుంది. కాని విద్యార్థి తనంత తానుగా దరఖాస్తు పంపుకొనుటకు వీలులేదు. రెండు విద్యాసంస్థల నడుమ ఒడంబడిక ఉండవలెను, ఇక్కడి సంస్థ పేరును ప్రతిపాదించవలెను.

ఈ చివరి నియమం తెలియక నేను మొదట ఒక పట్టణంలోని కన్సల్టెన్సీకి వెళ్ళాను. అద్దాల గది, చల్లని గాలి, గోడనిండా జెండాలు. నా మాట విని ఆ పెద్దమనిషి నవ్వి, "ఒక్క సెమిస్టరేనా అమ్మా? పూర్తి కోర్సుకు వెళ్ళండి, లోను మేమే ఇప్పిస్తాం" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. వినిమయ విద్యార్థి వలన కమీషను రాదు. నా ఖర్చు బస్సు చార్జీలతో సరిపోయినది.

ప్రభుత్వ పథకాల సంగతి కూడా విచారించాను. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థుల విదేశీ విద్యా ఋణాలపై వడ్డీ భరించే 'పఢో పర్‌దేశ్' పథకం 2022-23 నుండి నిలిచిపోయినది. అది ఉన్న రోజులలోనైనా ఎం.ఏ., ఎం.యస్సీ. వంటి పై చదువుల కొరకే. డిగ్రీ నడుమ అయిదు నెలలు పోయివచ్చే వారిని ఏ పథకమూ లెక్కలోకి తీసుకున్నట్లు నాకు కనబడలేదు.

పూర్వం ఇటువంటి వారికి ధర్మనిధులే దిక్కు. ఔషధ పరిశోధనలో జగత్ప్రసిద్ధుడైన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోవుటకు మామగారి సొమ్ముతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ధనం తోడ్పడినది. ఆ సత్యలింగ నాయకర్ ధనం గడించినది ఎక్కడ? రంగూనులోనే! మా పెద్దాయన మూటలు మోసిన ఊరి సొమ్మే, ఒక విధంగా చూస్తే, సుబ్బారావుగారిని బోస్టను చేర్చినది. ఈ సంగతి చదివిన రోజున మామ్మకు చెప్పాను. "మనకేటి మిగిలిందే, ఈ పెట్టి తప్ప" అన్నది.

మా నాన్నగారికి పలాస దగ్గర కొద్దిపాటి కొబ్బరి, జీడితోట ఉన్నది. ఉద్యానమనే మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. 2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుఫాను తీరం దాటువరకు ఆ పేరు మాకు తగినదే. ఆ ఒక్క పూటలో మా కొబ్బరిచెట్లలో సగానికి పైగా నేలకొరిగాయి. నాన్న మరల మొక్కలు నాటారు. 2021లో నీరసమని పరీక్ష చేయిస్తే రక్తంలో క్రియాటినిన్ హెచ్చుగా ఉన్నదని తేలినది. ఉద్దానంలో పుట్టినవారికి ఈ మాటను వివరింపనక్కరలేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలంలోనైనా వీధికొక ఇంట ఆ మాట తెలుసును. ఎందరో పరిశోధకులు నీటిని, మట్టిని, పురుగుమందులను, ఎండలో పనిని అనుమానించారు. ఇదమిత్థమని ఒక్క కారణం ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రం ప్రారంభమైన పిదప దూరాభారం కొంత తగ్గినది.

ఇంటి పరిస్థితి ఇదై ఉండగా దరఖాస్తు చేయడమే సాహసం. అయినను చేశాను.

పాస్‌పోర్టుకు 1,500 రూపాయల రుసుము చెల్లించి, పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాను. పదవ తరగతి పత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉన్నది, ఆధారులో పూర్తిగా ఉన్నది. ఆ ఒక్క అక్షరం కొరకు మరల ఒక ప్రయాణం. విదేశ ప్రయాణం తలపెట్టినవారు మొదటి రోజుననే తమ పత్రాలన్నింటిని ఒక చోట పరచి పేర్లు సరిచూచుకొనవలెనని నా మనవి. విచారణకు వచ్చిన కానిస్టేబులు మా పెరటిలో ఎండబెట్టిన జీడిపిక్కలను చూచి, "ఈ యేడు ధరెలాగుంది?" అని నాన్నతో అరగంట మాట్లాడి, నన్ను రెండు ప్రశ్నలడిగి వెళ్ళిపోయాడు.

తరువాతది పాఠ్యాంశాల ఒప్పందపత్రం. అతిథి విశ్వవిద్యాలయంలో నేను చదువబోయే ప్రతి పాఠ్యాంశం ఇక్కడి ఏ పాఠ్యాంశానికి బదులో అందులో వ్రాయవలెను. విద్యార్థి, స్వదేశ సంస్థ, అతిథి సంస్థ, ముగ్గురూ సంతకం చేయవలెను. ఐరోపా లెక్కన సెమిస్టరుకు 30 క్రెడిట్లు. ఒక క్రెడిట్టు అనగా విద్యార్థి శ్రమ మొత్తం 25 నుండి 30 గంటలు. మన లెక్కలో ఒక క్రెడిట్టు అనగా తరగతిలో 15 గంటల బోధన. వారు ఇంటివద్ద చదివిన గంటలను కూడా కలుపుతారు, మనం కలపము. ఈ భేదం తెలియక మొదటి పట్టికలో నేను మన పాఠాలను సగానికి సగం తక్కువ చేసి చూపాను. మా రసాయనశాస్త్ర అధ్యాపకులు మూడు సాయంకాలాలు కూర్చుండి ఒక్కొక్క అధ్యాయం సరిపోల్చి దానిని తిరుగవ్రాయించారు. ఈ పని దరఖాస్తు అంతటిలోకీ కష్టమైనది, దీనిని గూర్చి ఎవ్వరూ ముందుగా చెప్పరు. తిరిగివచ్చిన తరువాత ఆ మార్కులు ఇక్కడ చెల్లుబాటు కాకుంటే ఒక సంవత్సరం వృథాయే.

ఇక ఉద్దేశ్యపత్రం. 'ఈ అవకాశం నీకెందుకు ఈయవలెను?' అని రెండు పుటలలో చెప్పవలెను. నేను ఒక్క రాత్రిలో వ్రాశాను. తుఫాను, పడిపోయిన చెట్లు, నాన్న పాదాల వాపు, అమ్మ దిగులు అన్నీ అందులో ఉన్నాయి. వ్రాస్తూ నేనే కంటతడి పెట్టుకున్నాను. చదివినవారు నిరాకరింపలేరని నా ధీమా.

దానిని మన ఉర్దూ శాఖలోని పెద్ద అధ్యాపకులకు చూపించాను. వారి ఆంగ్లం చక్కనిది. ముందుగా, "సఫర్ వసీలా-ఎ-జఫర్ అని మాలో సామెత ఉన్నదమ్మా, ప్రయాణం విజయానికి సాధనమని అర్థం" అన్నారు. సంతోషించాను. పుటలు రెండూ చదివి, కళ్ళజోడు తీసి, "ఇందులో సఫర్ లేదమ్మా. మీ నాన్నగారి జబ్బు ఉన్నది. ఇది వ్రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నావా?" అని అడిగారు.

నేను తీసుకోలేదు. తీసుకొనవలెనన్న ఆలోచనయే రాలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పుటలను తెలుగు చేసి నాన్నకు చదివి వినిపించాను. అరుగుమీద కూర్చొని విన్నారు. చాలసేపటికి, "నిజమే రాసేవు పాపా. అయితే నన్ను సూపించి సీటడుగుతావేటి? నువ్వేటి నేర్సుకున్నావో అది రాయి" అన్నారు. కోపం లేదు. అందువలననే నాకు ఎక్కువ సిగ్గు కలిగినది.

మరునాడు మా పెరటి నూతినీటిని సీసాలో పట్టి కళాశాలకు తెచ్చాను. నీటి కాఠిన్యాన్ని కొలిచే ప్రయోగం మేము రెండవ సంవత్సరంలో చేస్తాము, ఇ.డి.టి.ఎ. ద్రావణం చుక్కచుక్కగా వేయగా ద్రాక్షరంగు నీలంగా మారే ఘడియను పట్టుకొనవలెను. రెండవ ఉద్దేశ్యపత్రం ఆ సీసాతో మొదలైనది. కాఠిన్యం ఈ వ్యాధికి కారణమని నేను వ్రాయలేదు, అట్లు ఎవరూ నిరూపింపలేదు. మా నీటిని కొలువగలిగినది నాకు చేతనైన ఒక్క పద్ధతిలోనేనని, అంతకంటె సూక్ష్మంగా కొలిచే యంత్రాలు వారి ప్రయోగశాలలో ఉన్నవని, వాటిపై పనిచేయుట నేర్చుకొన గోరుచున్నానని వ్రాశాను. నాన్న సంగతి ఒక్క వాక్యం మిగిలినది. దానికి ఆయన ఒప్పుకున్నారు. జీడిమామిడిని పదునారవ శతాబ్దంలో బ్రెజిలు నుండి మన దేశానికి తెచ్చినది పోర్చుగీసువారే అనే సంగతి కూడా చేర్చాను. కొంత పొగడ్తలాగ ఉన్నదేమోనని ఇప్పటికీ అనుమానమే, కాని తీసివేయలేదు.

2025 ఏప్రిల్‌లో నా పేరు ఆమోదించినట్లు లేఖ వచ్చినది. సెప్టెంబరులో చేరవలెను. నాన్న ఏ లెక్కయైనా ఎనభై కిలోల జీడిపిక్కల బస్తాలలోనే వేస్తారు. భత్యం అక్కడకు చేరిన తరువాతనే వస్తుంది కనుక విమానానికి, వీసాకు, బీమాకు, మొదటి మాసం అద్దెకు కావలసిన లక్షన్నరను, "పదునాలుగు బస్తాలు" అని తేల్చారు. "అయిదు నెలలేటి పాపా, కొబ్బరిమొక్క నాటి అయిదేళ్ళు సూడ్లేదా మనం!" అన్నారు.

మే నెలలో వైద్యులు, డయాలిసిస్ ఇంకా మొదలు పెట్టనక్కరలేదు గాని, చేతిలో ఫిస్టులా ముందుగానే సిద్ధం చేయించుట మంచిదన్నారు. ధమనిని సిరతో కలిపే చిన్న శస్త్రచికిత్స అది. సిర బలపడి సూదికి అనువు కావడానికి వారాలు పడుతుంది, ఒక్కొక్కసారి మరల చేయవలసి రావచ్చును. అమ్మ నన్ను పెరటిలోనికి పిలిచి, "ఆయనకి సెప్పకు. వొచ్చే నెల ఆపరేషనంట. నువ్వెల్తే నానొక్కదాన్నే గదా" అన్నది. అన్నయ్య టెక్కలిలో పనిచేస్తాడు, ఆదివారం తప్ప రాలేడు.

పోర్చుగల్‌కు ఉత్తరం వ్రాశాను. ఈసారి నాన్న సంగతి సూటిగా చెప్పాను, ఆయనకు చదివి వినిపించిన తరువాతనే. ప్రవేశాన్ని వసంత సెమిస్టరుకు మార్చగలరా అని అడిగాను. నాలుగు రోజులు నిద్ర పట్టలేదు. రెండే పంక్తుల జవాబు: మార్చవచ్చును, కొత్త ఒప్పందపత్రం పంపవలెను. ఇట్లు అడిగి మార్పించుకొనవచ్చునని ఏ ప్రకటనలోనూ లేదు. అడుగక మానివేసిన వారెందరున్నారో!

ఆరవ సెమిస్టరు పాఠాలతో మరల మూడు సాయంకాలాలు, మరల ముగ్గురి సంతకాలు. 1913లో బరంపురం నుండి న్యాయశాస్త్రం చదువుటకు డబ్లిను వెళ్ళిన వి.వి. గిరిగారికి ఇన్ని సంతకాలు పట్టి ఉండవు. ఆయన చదువు మాత్రం 1916లో ఐర్లండు తిరుగుబాటు కాలంలో ఆ దేశం విడిచి రావలసి రావడంతో ముగిసినది. ఎవరి చిక్కులు వారివి.

జూన్‌లో నాన్న ఎడమచేతికి శస్త్రచికిత్స జరిగినది. ఆ చేతితో బరువులెత్తరాదు, రక్తపోటు చూడనీయరాదు. ప్రతి ఉదయం మణికట్టుపై వేళ్ళానించి లోపల నెత్తురు ప్రవహించే అదురు ఉన్నదో లేదో చూచుకొనవలెను. చెవి ఆనిస్తే తుమ్మెద రొదవలె వినబడుతుంది. మొదటి రెండు వారాలు ఆ పని నేనే చేశాను. తరువాత అమ్మకు నేర్పాను.

వీసాకు హైదరాబాదు పోవలసిన రోజు దగ్గరపడినది. నేను హాస్టలులో పత్రాలు దొంతరలు పెట్టుకుంటూ ఉంటాను. ఉదయం ఆరున్నరకు ఫోను మోగుతుంది. అమ్మ కుశల ప్రశ్నలేమీ వేయదు. "గుయ్యిమంటంది" అని పెట్టేస్తుంది.