మన్రో దొర పుట్టిన ఊరికి

మాది గుత్తి. కోట కింద దొరల గోరీలున్న చోట చిన్నప్పుడు గోళీలాడుకున్నవాణ్ణి. 1827లో పత్తికొండలో కలరా తగిలి చనిపోయిన సర్ థామస్ మన్రోని మొదట పాతిపెట్టింది అక్కడే. తర్వాత 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. దేహం తరలిపోయింది గాని పేరు తరలలేదు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు మా జిల్లాలో ఉండేవారు. ఆ దొర పుట్టింది 1761లో, స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో.

ఇప్పుడా ఊళ్ళో మా అమ్మాయి ఉన్నది. చదువుకని వెళ్ళి, ఉద్యోగంలో కుదురుకున్నది. మూడేళ్ళయింది, ఇంటికి రాలేదు. సెలవు దొరికినప్పుడు టిక్కెట్టు ధర మండిపోతుంది. ధర దిగినప్పుడు సెలవు దొరకదు. చివరికి, "ఈసారి మీరే రండి నాన్నా!" అన్నది. మే నెల మా కాలేజీకి సెలవులు. బెంగుళూరులో ఎక్కి, దుబాయిలో విమానం మారి, గ్లాస్గోలో దిగడం. ఇంతవరకూ ఇంటిల్లిపాదీ ఏకాభిప్రాయమే.

ఇక ఊరు చూడడం మాట. నేను వట్టి చేతులతో బయలుదేరే మనిషిని కాను. నోటుబుక్కు తీసి ఐదు రోజులకు ఐదు పేజీలు కేటాయించాను.

మొదటి రోజు విశ్వవిద్యాలయం. 1451లో స్థాపించారు. అంటే మన కృష్ణదేవరాయలు పట్టానికి రావడానికి 58 ఏళ్ళ ముందన్నమాట! మన్రో చదివిందీ అందులోనే. దాని దగ్గరలోనే 1901లో తెరిచిన కెల్విన్‌గ్రోవ్ మ్యూజియం. ప్రవేశానికి పైసా ఇవ్వనక్కరలేదు. లోపల కప్పు నుంచి ఏకంగా ఒక యుద్ధవిమానమే వేలాడుతుంది. సాల్వడార్ డాలీ వేసిన క్రీస్తు చిత్రాన్ని 1952లో 8,200 పౌన్లు పోసి కొన్నప్పుడు, ఇంత డబ్బా అని ఊళ్ళో పెద్ద గొడవే అయిందట.

రెండో రోజు పాత చర్చి. 1560లో మతసంస్కరణ పేరిట స్కాట్లండులో ఎన్నో గుళ్ళు పాడుపడ్డా, ఇది దాదాపు చెక్కుచెదరకుండా నిలిచింది. ఊరి తొలి గురువు సెయింట్ మంగో సమాధి అందులోనే ఉన్నది.

మూడో రోజు భూగర్భ రైలు. 1896 నాటిది. పదిహేను స్టేషన్లూ ఒకే చుట్టులో ఉంటాయి. గానుగెద్దులాగా ఎక్కినచోటికే తిరిగి వస్తుంది గనుక నాబోటి వాడు కునుకు తీసినా తప్పిపోయే భయం లేదు.

నాలుగో రోజు నడిబజారులో వెల్లింగ్టన్ ప్రభువు విగ్రహం. మన శ్రీరంగపట్టణం యుద్ధంలో టిప్పు మీదికి నడిచిన సేనాని ఆయనే. గుర్రం మీద ఠీవిగా కూచున్న ఆ మహావీరుడి తలమీద, రోడ్లమీద అడ్డంగా పెట్టే నారింజరంగు గరాటా బోర్లించి ఉంటుంది! అధికారులు తీసేస్తారు, రాత్రికి రాత్రి ఎవరో మళ్ళీ పెడతారు. ఎవరి చేతికీ అందకుండా దిమ్మె ఎత్తు పెంచుదామని 2013లో నగరపాలకులు ఆలోచిస్తే, జనం ఎదురుతిరిగి ఆ ఆలోచనే మాన్పించారు. ఇంత హాస్యప్రియులైన ఊరివాళ్ళను చూడకుండా ఎల్లా?

ఆ విగ్రహం వెనక ఉన్న భవంతి ఒక పొగాకు వర్తకుడి ఇల్లు. అమెరికాలో బానిసలు పండించిన పొగాకు ఈ ఊరికి వచ్చి బంగారమయింది. మన్రో తండ్రి చేసిందీ ఆ వ్యాపారమే. 1775లో అమెరికా యుద్ధం రావడంతో దివాలా తీశాడు. అందుచేతనే కొడుకు కంపెనీ కొలువుకు ఓడ ఎక్కి, 1780లో మద్రాసులో దిగాడు. ఇంటికి ఉత్తరాలు రాసేవాడు, డబ్బు పంపేవాడు. తిరిగి స్వదేశం చేరింది 1808లో!

ఇదంతా క్లాసులో పాఠం చెప్పినట్టు మా ఆవిడకు వినిపించాను. ఆవిడ అప్పడాలు వత్తుతూ విన్నది.

"ఇరవయ్యెనిమిదేళ్ళా! మరి వాళ్ళమ్మ?"

"ఏంచేస్తుంది? ఉత్తరాల కోసం ఎదురుచూసి ఉంటుంది."

"ఆవిడ ఓడెక్కి రాలేకపోయింది. మనం విమానమెక్కి వెళుతున్నాం. బాగానే ఉంది గాని, ఏమండీ, మీ ఐదు పేజీల్లో అమ్మాయి ఏ పేజీలో ఉందీ?"

నోటుబుక్కు తిరగేశాను. ఐదో పేజీలో కొండమీది శ్మశానవాటికతో సహా అన్నీ ఉన్నాయి, అమ్మాయి లేదు.

ఆ రాత్రే ఫోను చేశాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా పనిట. సాయంత్రం ఐదున్నరకు ఇంటికి వస్తుందిట. "మే నెలాఖరున ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటితేగాని పొద్దుగుంకదు నాన్నా! రోజూ నది ఒడ్డున నడుద్దాం. శనివారం నేను కూరగాయలు కొనుక్కునే అంగడి అమ్మకి చూపిస్తాను" అన్నది. మా ఆవిడ ముఖం చూస్తే, వేలాడే విమానం కంటే ఆ అంగడే ఆవిడకు గొప్ప వింత అని తెలిసిపోయింది.

ప్రణాళిక మార్చాను. చరిత్ర అంతా పగటిపూట, మేమిద్దరమే. సాయంత్రాలు అమ్మాయివి. శనివారం పేజీ ఖాళీ.

ఆ ఖాళీ పేజీలో మా ఆవిడ తన జాబితా రాసుకున్నది: చెనిక్కాయల పొడి, చింతకాయ తొక్కు, అప్పడాలు, గొడుగులు రెండు. పాలకోవా అని రాసి కొట్టేసింది. పాలతో చేసినవి ఆ దేశంలోకి తేనివ్వరని అమ్మాయి చెప్పింది. కొట్టివేత పక్కనే మళ్ళీ రాసింది:

"అక్కడే పాలు కొని చేసిపెట్టాలి."