తెగిన బెల్టు, ఆగిన కాళ్లు

పక్క చక్రాల పాత స్కూటర్ కొన్న ఓ విజయవాడ గుమాస్తా కథ

స్కూటర్ రోడ్డు మధ్యలో ఆగిపోతే ఎవరైనా చేసేది ఒకటే. దిగి, హ్యాండిల్ పట్టుకుని, దగ్గర్లోని మెకానిక్ దాకా తోసుకుంటూ వెళ్తారు. చెమట పడుతుంది, ఓ అరగంట పోతుంది, అంతే. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించిన స్కూటర్ ఆగితే మాత్రం సంగతి వేరు. దాన్ని నడిపే మనిషి దిగడమే కష్టం. దిగినా తోయలేడు. బండి ఎక్కడ ఆగితే ఆయనా అక్కడే ఆగిపోతాడు. మామూలు మనిషికి అది వాహనం, ఆయనకు కాళ్లు.

ఈ తేడా విజయవాడ వన్‌టౌన్‌లో ఓ హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాసే 46 ఏళ్ల గుమాస్తాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన 1979లో పుట్టారు. ఏడాదిన్నర వయసులో జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం మొదలైంది 1995లో. చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చిలో భారత్‌ పోలియో నుంచి విముక్తమైనట్లు ధ్రువీకరణ వచ్చింది. వ్యాధి పోయింది గానీ అది వదిలి వెళ్లిన తరం ఇంకా రోజూ పనికి వెళ్లి రావాల్సే ఉంది. చేతితో తిప్పే మూడు చక్రాల సైకిల్‌పై పాతికేళ్లు తిరిగాక, భుజాలు నొప్పెట్టడం మొదలై, 2024 డిసెంబర్‌లో ఆయన సెకండ్ హ్యాండ్ స్కూటర్ ఒకటి కొన్నారు. 2019 మోడల్. సైడ్ వీల్స్ అప్పటికే బిగించి ఉన్నాయి. ధర 38 వేలు. మీటర్‌లో 19 వేల కిలోమీటర్లు కనిపించాయి.

మూడు నెలలు హాయిగా గడిచింది. ఆదివారం భార్యను ఎక్కించుకుని పున్నమి ఘాట్ దాకా వెళ్లొచ్చారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఇద్దరూ ఎవరి సాయమూ లేకుండా ఓ చోటికి వెళ్లి రావడం అదే మొదటిసారి.

తర్వాత బండిలో ఏదో తేడా కనిపించసాగింది. కదిలేటప్పుడు వణుకు. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరిగేది, వేగం పెరిగేది కాదు. గంటకు 50 కిలోమీటర్లు వెళ్లే బండి 35 దగ్గర ఉండిపోయింది. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాలిన రబ్బరు వాసన. వీధి చివర మెకానిక్ కార్బురేటర్ శుభ్రం చేశాడు. ఇంకొకరు ప్లగ్ మార్చారు. ఎడమ పక్కనున్న పెద్ద మూత విప్పి చూసిన వారు లేరు.

అసలు విషయం ఆ మూత కిందే ఉంది. గేర్లు లేని స్కూటర్‌లో ఇంజిన్ శక్తిని వెనక చక్రానికి చేర్చేది చెయినూ కాదు, గేరు పళ్లూ కాదు. ఓ రబ్బరు బెల్టు. రెండు పుల్లీల మధ్య తిరుగుతుంది. ముందు పుల్లీ ఇంజిన్ వైపు, వెనక పుల్లీ చక్రం వైపు. ముందు పుల్లీలో ఉండే రోలర్లు ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ బయటికి జరిగి, పుల్లీ రెండు ముఖాలనూ దగ్గరికి నెడతాయి. దాంతో బెల్టు అంచుల వైపు ఎక్కుతుంది. అదే సమయంలో వెనక పుల్లీ విచ్చుకుని బెల్టు లోపలికి దిగుతుంది. గేరు మార్చకుండానే గేరు మారుతుందన్నమాట. ఎడమ కాలితో గేరు నొక్కలేని వారికి ఇంతకన్నా కావాల్సింది ఏముంటుంది? 1984లో కైనెటిక్ హోండా మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు వికలాంగులు దాన్ని ఆదరించడానికి కారణం ఈ బెల్టే.

బెల్టుకు ఓ ఆయుష్షు ఉంటుంది. సాధారణంగా 20 నుంచి 25 వేల కిలోమీటర్లు తిరిగేసరికి మార్చాలి. అరిగేకొద్దీ దాని వెడల్పు తగ్గుతుంది. వెడల్పు తగ్గితే పుల్లీలో అంచుదాకా ఎక్కలేదు, వేగం పడిపోతుంది. పళ్ల మధ్య పగుళ్లు వస్తాయి, పక్కల నుంచి దారాలు లేస్తాయి, చివరికి తెగుతుంది. సైడ్ వీల్స్ బండిలో ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. అదనపు ఇనుప చట్రం, రెండు చక్రాల బరువు, మూడు టైర్లు రోడ్డును ఒరుసుకోవడం... ఇద్దరు మనుషుల కోసం తయారైన బెల్టు ఇవన్నీ మోయాలి.

2025 ఏప్రిల్‌లో ఓ ఉదయం ఫ్లైఓవర్ సగం ఎక్కాక టప్పున చప్పుడైంది. ఇంజిన్ ఆగలేదు. చిత్రం ఏమిటంటే బెల్టు తెగినా ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. మోత వస్తుంది, బండి కదలదు. వెనక బస్సులు హారన్ కొడుతున్నాయి. ఇంజిన్ నడుస్తున్నా వెళ్లని మనిషిని చూసి ఒకరిద్దరు తిట్టారు కూడా. ఆయన బ్రేకు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. వదిలితే వెనక్కి జారుతుంది. బ్రేకు వదిలితేగానీ ఊతకర్ర తీయలేరు, ఊతకర్ర తీయందే దిగలేరు. అలా ఎంతసేపున్నారో ఆయనకు గుర్తులేదు. కాలేజీ కుర్రాళ్లిద్దరు బైకు ఆపి, పైదాకా తోసి, 'ఇక దిగుడే కదా అంకుల్' అని వెళ్లిపోయారు. అవతలి వైపు బండి దానంతటదే దిగింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. బెల్టు ఎడమ మూత కింద ఉంటుంది. ఆ మూతకు అడ్డంగా ఎడమ పక్క చక్రం ఉంటుంది. బెల్టు మార్చాలంటే ముందు ఆ చక్రాన్ని, దాని చట్రాన్ని విప్పాలి. మామూలు స్కూటర్‌కు గంటలో అయ్యే పని దీనికి సగం రోజు పడుతుంది. మొదటి మెకానిక్ 'సైడ్ వీల్స్ బండ్లు మేం ముట్టుకోమండీ' అన్నాడు. సర్వీస్ సెంటర్‌లో సమాధానం ఇంకాస్త మర్యాదగా వచ్చింది. ఆ చక్రాలు కంపెనీవి కావు కాబట్టి వాటిని విప్పించి తీసుకొస్తే చూస్తామన్నారు. చక్రాలు విప్పితే ఆ బండిని అక్కడిదాకా తెచ్చేదెవరు? అది వాళ్లకు తట్టలేదు.

చివరికి ఓ ఆటోవాలా పుణ్యమా అని బండి ఆటోనగర్ చేరింది. లారీలకు బాడీలు కట్టే ఆ పేటలో ఓ షెడ్డు మేస్త్రి ఎడమ చక్రం విప్పి, మూత తీసి, కాసేపు మాట్లాడలేదు. లోపల నల్లటి రబ్బరు పొడి. బెల్టు దారాలు వెనక క్లచ్‌కు చుట్టుకుపోయి ఉన్నాయి. వాటన్నిటికీ కింద, మూత అంచున, ఆరిపోయిన ఒండ్రు చార.

'ఏవండీ, ఇది బుడమేరు బండి' అన్నాడు మేస్త్రి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఇళ్లతో పాటు వీధుల్లోని బండ్లూ మునిగాయి. వరద తగ్గాక వాటిలో కొన్ని బాగయ్యాయి, కొన్ని తుక్కుకు వెళ్లాయి, మరికొన్ని కడిగి పాలిష్ పట్టించుకుని చేతులు మారాయి. ఈ స్కూటర్ మూడో రకం. మూతలోకి వెళ్లిన నీరు వెనక పుల్లీ ముఖాన్ని తుప్పు పట్టించింది. తుప్పు పట్టిన ఇనుము మీద తిరిగే రబ్బరు గరుకు కాగితం మీద రుద్దినట్టే అరుగుతుంది. రోలర్లు గుండ్రదనం పోయి ఓ పక్క చదునైపోయాయి. క్రాంక్ సీలు నుంచి ఆయిల్ కొద్దికొద్దిగా కారి బెల్టును జారేలా చేసింది. దీనికి తోడు ఎడమ పక్క చక్రం తిన్నగా లేదు. ముందు వైపు అరంగుళం లోపలికి తిరిగి ఉంది. అంటే ఇన్నాళ్లూ ఆ చక్రం దొర్లలేదు, సగం ఈడ్చుకుంటూ వచ్చింది.

'బెల్టు ఒక్కటే వేసి పంపిస్తే మళ్లీ నెలకు తెగుద్దండీ. నన్ను తిట్టుకుంటారు' అన్నాడు మేస్త్రి. పుల్లీ, రోలర్ల సెట్టు, సీలు, బెల్టు, కూలీ కలిపి 4,200 రూపాయలు. గుమాస్తా జీతం నెలకు 14 వేలు. ఆయన ఒప్పుకున్నారు. స్టూలు వేయించుకుని పక్కనే కూర్చుని మొత్తం పని చూశారు. లెక్కలు రాసే మనిషికి ఓ అలవాటు ఉంటుంది, ప్రతి పద్దూ కళ్లతో చూడందే నమ్మరు.

ఆ పూట ఆయన గమనించినవి ప్రతి పాత బండి యజమానికీ పనికొచ్చేవే. కొత్త బెల్టు మీద బాణం గుర్తు ఉంటే అది తిరిగే దిశకే ఉండాలి. పుల్లీ ముఖాలకు చేతి జిడ్డు కూడా అంటకూడదు, అంటితే తుడిచేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెనక పుల్లీని చేతులతో విడదీసి బెల్టును లోతుగా దించాకే ముందు నట్టు బిగించాలి. అలా చేయకపోతే బెల్టు ముందు పుల్లీ ముఖాల మధ్య నలిగి, నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది. నాలుగు రోజులకు అది వదులై పుల్లీ గాళ్లు తినేస్తాయి. చివర్లో మేస్త్రి టేపు పట్టి పక్క చక్రాల ముందు దూరం, వెనక దూరం కొలిచి సమం చేశాడు.

ఆ రాత్రి గుమాస్తా బండి అమ్మిన మనిషికి ఫోన్ చేశారు. తిట్టాలనే చేశారు. అవతలి మనిషీ ఊతకర్రల మీద నడిచేవారే. 'మూడు రోజులు నీళ్లలో ఉందండీ. ఉన్నమాట చెబితే ఎవరు కొంటారు? ఇల్లు కూడా మునిగింది' అన్నారు. ఫోన్‌లో కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. మోసం మోసమే, అందులో సందేహం లేదు. అయితే మునిగిన కాళ్లను అమ్ముకుని మరో జత కొనుక్కోవాల్సి వచ్చిన మనిషితో ఎంతసేపు పోట్లాడగలరు? గుమాస్తా తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. బండి కాగితాల గురించి అడిగి ఫోన్ పెట్టేశారు.

కాగితాల సంగతి మరో కథ. 1988 మోటారు వాహనాల చట్టంలో వికలాంగుల వాహనాన్ని 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అన్నారు. అది ప్రత్యేకంగా రూపొందించి తయారు చేసినదై ఉండాలి, ఉన్న బండికి మార్పులు చేసినది కాకూడదు అని ఆ నిర్వచనమే చెప్పింది. అంటే షెడ్లలో చక్రాలు బిగించుకున్న బండ్లేవీ ఆ మాట కిందికి రావు. కంపెనీలేమో అలాంటి బండ్లు తయారు చేసి షోరూముల్లో పెట్టిన దాఖలాలు అరుదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి భిన్నంగా వాహనాలను మార్చడం కుదరదని వేరే సందర్భంలో స్పష్టం చేసింది. అదే ఏడాది చట్ట సవరణ వచ్చాకే 'అడాప్టెడ్ వెహికిల్' అనే మాట చేరి, నిబంధనలకు లోబడి బండిని తమకు తగినట్టు మార్పించుకునే వీలు కలిగింది. ఆ మార్పు రిజిస్ట్రేషన్ కాగితంలోకి ఎక్కాలి. గుమాస్తా కొన్న బండి ఆర్‌సీలో అది మామూలు స్కూటరే. ప్రమాదం జరిగితే బీమా సంస్థ ముందుగా అడిగే ప్రశ్న అదే. మూడుసార్లు తిరిగి ఆయన దాన్ని నమోదు చేయించుకున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు అర్హులైన వారికి మూడు చక్రాల మోటారు వాహనాలు పంపిణీ చేస్తూ వచ్చాయి. తాళాలు అందజేసే ఫోటోలు పత్రికల్లో వస్తాయి. ఆ బండికి బెల్టు ఎవరు మారుస్తారన్న ప్రశ్న ఆ ఫోటోలో ఉండదు. మాటలు మారాయి. వికలాంగులు దివ్యాంగులయ్యారు, విభిన్న ప్రతిభావంతులయ్యారు. 1995 చట్టం పోయి 2016 చట్టం వచ్చింది. 'మేం ముట్టుకోం' అనే మెకానిక్ షాపు మాత్రం మారలేదు. ఆ బండ్లను విప్పి బిగించడం పాలిటెక్నిక్, ఐటీఐ కుర్రాళ్లకు ఓ వారం నేర్పిస్తే చాలు. జిల్లాకు నాలుగు షెడ్లను గుర్తించి చిరునామాలు తాళాలతో పాటు ఇస్తే చాలు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఈ బెల్టుకు ఓ చరిత్ర ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ కంపెనీ 1958లో చూపించిన చిన్న కారు ఇలాంటి రబ్బరు బెల్టులతోనే నడిచింది. ఆ కార్లు ముందుకెంత వేగంగా వెళ్తాయో వెనక్కీ అంతే వేగంగా వెళ్లేవి, వాటితో వెనక్కి నడిపే పందేలు కూడా పెట్టారు. అదే బెల్టు సూత్రంతో నడిచే మన స్కూటర్‌కు మాత్రం రివర్స్ లేదు. కాళ్లున్నవాడు నేలకు పాదం తన్ని వెనక్కి జరుపుకుంటాడు, ఇక రివర్స్ ఎందుకు? గుమాస్తా రోజూ సాయంత్రం దుకాణం ముందు ఇరుక్కున్న బండిని వెనక్కి లాగమని ఎవరినో ఒకరిని పిలవాల్సిందే.

ఇప్పుడు ఆయన సీటు కింద ఓ కొత్త బెల్టు ఉంటుంది, గుడ్డలో చుట్టి. సీటు అడుగున తెల్ల పెయింటుతో మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి ఉన్నాయి. వాటి పక్కనే 'వరదలో మునిగిన బండి' అని ఇంకో మాట కూడా. ఎందుకని భార్య అడిగితే, 'రేపు దీన్ని కొనేవాడు కూడా మనలాంటి వాడే కదా' అన్నారట.