రాణిగారి పుట్టిల్లు

వంశావళి చదవడమంత విసుగు పని ఇంకోటి ఉండదు. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను... అంతా మగవాళ్ళే కన్నట్టు! తల్లి ఊసే ఉండదు. అయినా ఓపిగ్గా చదివితే, పొంగలిలో జీడిపప్పులా ఎక్కడో ఓ ఆడపేరు తగులుతుంది.

బైబిల్లో ఆదికాండం 36వ అధ్యాయం అలాంటిదే. మృతసముద్రానికి దక్షిణాన, ఇప్పటి జోర్డాన్ కొండల్లో, ఎదోము రాజ్యం ఉండేది. ఇశ్రాయేలీయులకింకా రాజే లేని రోజుల్లో అక్కడ ఏలిన ఎనిమిదిమంది రాజుల పేర్లున్నాయందులో. తమాషా ఏమిటంటే, వాళ్ళలో ఒక్కడు కూడా తన ముందటి రాజుకి కొడుకు కాడు!

ఎనిమిదోవాడు హదరు. అతని ఊరు పాయు. రెండో రాజు ఊరైన బొస్రాను జోర్డాన్‌లోని బుసైరాగా గుర్తించి 1970లలో తవ్వకాలు జరిపారు. పాపం, పాయుకి ఆ భాగ్యం లేదు. ఫలానా దిబ్బ కింద ఉందని చూపించగలవాళ్ళే లేరు. రాజధాని అన్నమాటే గానీ, మిగిలింది ఒక్క వాక్యం.

ఆ వాక్యం చూడండి. రాజుగారి తండ్రి పేరు లేదు. భార్య పేరుంది, మహేతబేలు. ఆవిడ మత్రేదు కూతురు. మత్రేదు మేజాహాబు కూతురు. అంటే రాణిగారికి అమ్మ పేరూ, అమ్మ పుట్టింటి పేరూ కూడా చెప్పారన్నమాట! మిగతా ఏడుగురి భార్యల్లో ఒక్కరి పేరైనా లేదు. బహుశా అక్కడ రాజ్యం కూతుళ్ళ ద్వారా సంక్రమించేదేమోనని కొందరు పండితుల ఊహ. మేజాహాబు అంటే బంగారు నీళ్ళు. బంగారాన్ని లెక్కచెయ్యనంత కలిగినవాడు కనక ఆ పేరొచ్చిందన్నాడు 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ. కలిగిన పుట్టిల్లే మరి!

అంతటితో ఆగితే బాగానే ఉండేది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఈ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చారు. అందులో మత్రేదు, మేజాహాబు కొడుకు! వాళ్ళ చేతిలో ఉన్న ప్రతిలోనే అలా ఉందో, కూతుర్ని తల్లి పేరుతో చెప్పడమేమిటని దిద్దారో గానీ, ఒక్క మాట మారేసరికి తల్లి కాస్తా తండ్రయి కూర్చుంది. ఊరు మాయం కావడానికి ఎన్ని యుద్ధాలు కావాలి, ఎన్ని కరువులు రావాలి! ఆడదాని పేరు మాయం కావడానికి ఒక్క మాట చాలు.

హీబ్రూ ప్రతి మాత్రం మత్రేదును కూతురుగానే ఉంచింది. మన తెలుగు బైబిల్లోనూ ఆవిడ కూతురే. అందుకే ఈసారి ఆ అధ్యాయం వస్తే గబగబా పేజీ తిప్పెయ్యకండి. రాజుగారి ఊరు దొరక్కపోయినా, రాణిగారి అమ్మ దొరుకుతుంది.