బోగార్ట్ తన్నిన పడవ ఇంకా నడుస్తోంది!

అమెరికా మ్యాపు తీసి ఫ్లోరిడా రాష్ట్రం కొస చూడండి. దారం తెగి సముద్రంలోకి జారిన పూసల్లా చిన్న చిన్న దీవులు కనిపిస్తాయి. వాటిని 'కీస్' అంటారు. ఈ కీ తాళంచెవి కాదు లెండి! చిన్న దీవి అనే అర్థమున్న స్పానిష్ మాట నలిగి నలిగి అలా తయారైంది. మయామీ నుంచి కారులో బయల్దేరితే గంటా గంటన్నరలో ముందు తగిలేది కీ లార్గో. రోడ్డు పక్కన ఆకుపచ్చ మైలు పలకలు ఉంటాయి. అంకెలు పెరగవు, తగ్గుతాయి. సున్నా మైలు ఆ చివర కీ వెస్ట్‌లో ఉంది మరి! ఇక్కడ ఎవర్ని అడ్రసు అడిగినా వీధి పేరు చెప్పరు, మైలు నంబరు చెబుతారు. మనం వెతుక్కుంటూ వచ్చిన పడవ నూరో మైలు దరిదాపుల్లో, ఒక కాలవ ఒడ్డున ఉంది.

పడవ కంటే ముందు ఊరి సంగతి చెప్పాలి. 1948లో జాన్ హ్యూస్టన్ 'కీ లార్గో' అనే చిత్రం తీశాడు. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ జంట. చిత్రమేమిటంటే, ఆ సినిమా దాదాపు అంతా స్టూడియోలోనే తీశారు. అయినా పేరు మోగిపోయింది. దాంతో ఈ దీవి మీదున్న రాక్ హార్బర్ అనే ఊరు 1952లో తన పాత పేరు వదిలేసి సినిమా పేరు తగిలించుకుంది. సినిమా వాళ్లు ఊళ్ల పేర్లు పెట్టుకోవడం చూశాం గానీ, ఊరే సినిమా పేరు పెట్టుకోవడం... అదీ అమెరికా!

అలాంటి ఊరికి బోగార్ట్ పడవ రాకుండా ఉంటుందా? వచ్చింది. కాకపోతే చాలా చుట్టు తిరిగి వచ్చింది.

ఆ పడవే 'ఆఫ్రికన్ క్వీన్'. 1951లో అదే పేరుతో వచ్చిన సినిమాలో బోగార్ట్, కాథరిన్ హెప్‌బర్న్ నాయికా నాయకులు. దర్శకుడు మళ్లీ హ్యూస్టనే. మొదటి ప్రపంచ యుద్ధ కాలం, ఆఫ్రికా నది, ఒక తాగుబోతు పడవవాడు, ఒక మిషనరీ గారి చెల్లెలు. కథ అంతే! ఆవిడ అతగాడి జిన్ను సీసాలన్నీ నదిలో ఒంపేసే సీను చూసి నవ్వని వాడుండడు. బాయిలరు మొరాయించినప్పుడల్లా బోగార్ట్ దాన్ని కాలితో తంతాడు. తన్నకపోతే పేలిపోతుందట! 'అందాల రాముడు' (1973), 'గోదావరి' (2006) చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. కథంతా నీటి మీద నడిస్తే పడవ కూడా ఒక పాత్రే అయి కూర్చుంటుంది. బోగార్ట్‌కి జన్మలో వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ ఈ సినిమాతోనే వచ్చింది.

షూటింగు మాత్రం నరకం. బెల్జియన్ కాంగోలో, ఉగాండాలో తీశారు. ఆ రోజుల టెక్నికలర్ కెమెరా అంటే చిన్న బీరువా! అది ఇరుకు పడవలో పట్టదు గనక తెప్ప మీద పడవ నమూనా కట్టి దానిమీద నటింపజేశారు. యూనిట్‌లో సగానికి సగం మంది కడుపు జబ్బుతో మంచం పట్టారు. మంచినీళ్లు తాగిన హెప్‌బర్న్ జబ్బు పడింది. విస్కీ తప్ప ఇంకేం ముట్టని బోగార్ట్, హ్యూస్టన్ మాత్రం నిక్షేపంగా ఉన్నారు. (పాఠకులు దీన్ని ఆరోగ్య సూత్రంగా తీసుకోవద్దని మనవి.) ఇంత చాలదన్నట్టు పడవ ఒకసారి మునిగిపోయింది కూడా. పైకి లాగి మళ్లీ షూటింగు మొదలెట్టారు. ఈ గొడవలన్నీ హెప్‌బర్న్ 1987లో ఒక పుస్తకంగా రాసింది.

పడవ పుట్టింది 1912లో, ఇంగ్లండులోని లైథమ్‌లో. అసలు పేరు లివింగ్‌స్టన్. పొడవు ముప్పై అడుగులు. ఆఫ్రికాలో ఆల్బర్ట్ సరస్సు మీద, నైలు నది మీద మనుషుల్నీ సరుకుల్నీ మోయడం దాని ఉద్యోగం. సినిమా అయ్యాక మళ్లీ ఆ పాత ఉద్యోగానికే పోయింది! 1968లో ఒక అమెరికన్ కొని శాన్‌ఫ్రాన్సిస్కో తెచ్చాడు. అక్కణ్నుంచి ఆరెగాన్. చివరికి ఫ్లోరిడాలో, సముద్రానికి దూరంగా, ఓకాలా అనే ఊళ్లో నేలమీద తేలింది.

1982లో దాన్ని కెంటకీ లాయరు ఒకాయన చూశాడు. 65 వేల డాలర్లు పోసి కొన్నాడు. ఆ రోజుల్లో అది కొంపలు కొనే డబ్బు. పడవకి రిపేరు చేయించి కీ లార్గో తెచ్చి, తన హోటలు దగ్గర నీళ్లలో దింపాడు. ఇరవై ఏళ్లు పిల్లలా సాకాడు. 1992లో అమెరికా ప్రభుత్వం పడవని చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చింది. జాబితా తుప్పుని ఆపదు కదా! ఆ లాయరుగారు పోయాక పడవ కాలవ ఒడ్డున అలాగే పడి ఉంది. మంచినీటి నది కోసం కట్టిన ఇనుము అది. ఉప్పునీళ్లు, ఉప్పుగాలి దానికి విషంలాంటివి. చూపులకి బాగానే ఉన్నట్టుంటుంది, అడుగు రేకు మాత్రం జల్లెడైపోతుంది.

చివరికి సొంతంగా పడవ నడిపే ఒక కెప్టెనూ, ఆయన భార్యా పూనుకున్నారు. తుప్పు తినేసిన రేకులు కోసి కొత్త ఉక్కు వెల్డింగు చేశారు. బాయిలరు, ఆవిరి ఇంజను సంగతి చూశారు. 2012లో, అంటే పడవకి సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది, మళ్లీ జనాన్ని ఎక్కించుకుని కాలవలో తిప్పారు.

ఇక్కడే ఒక తగాదా ఉంది. ఇన్ని రేకులు మార్చాక, ఇంజను విప్పి బిగించాక, ఇది బోగార్ట్ పడవేనా? పాత సామాను పిచ్చి ఉన్న వాళ్లు పెదవి విరుస్తారు. ముట్టుకోకుండా అద్దాల గదిలో పెట్టాల్సిందంటారు. నాకైతే ఆ వాదన ఎక్కదు. అద్దాల వెనక ఏముంటుంది, చచ్చిన చేప!

నమ్మకపోతే ఓర్కా గతి చూడండి. స్పీల్‌బర్గ్ 'జాస్' (1975)లో సొరచేప వేటకి బయల్దేరిన పడవే ఓర్కా. ముంచడానికి వేరే నకలు ఒకటి చేశారు. ఆ నకలు మార్తాస్ విన్‌యార్డ్ ఒడ్డున పడి ఉంటే అభిమానులే ముక్కముక్క పీక్కుపోయారు. అసలుదాన్ని యూనివర్సల్ స్టూడియో జనానికి చూపించడానికి పెట్టింది. షూటింగు నాటి భయాలు వదలక స్పీల్‌బర్గ్ అప్పుడప్పుడు వెళ్లి అందులో ఒంటరిగా కూర్చునేవాడట. ఒకరోజు వెళ్లేసరికి పడవ లేదు! చెక్క పుచ్చిపోయిందని రంపంతో కోసి పారేశారు. ఇక ఓర్కా కావాలంటే మొదటి చెక్కనుంచి కొత్తగా కట్టుకోవాల్సిందే.

క్వీన్‌కి ఆ గతి పట్టలేదు. ఎదురుగా చూస్తే మాత్రం, ఇదేనా ఆ మహారాణి అనిపిస్తుంది. నల్లటి పొగగొట్టం, పైన ఎండకి కట్టిన గుడ్డ కప్పు, మధ్యలో బాయిలరు, దాని చుట్టూ మోకాళ్లు తగిలేంత ఇరుకు. ఆవిరి తయారయ్యేదాకా ఆగాలి. తొందరున్నవాళ్లు పక్కన మోటారు బోటు ఎక్కడం మంచిది. కూత వేసి కదిలాక గబగబా పోదు, నడిచినట్టు పోతుంది. అటూ ఇటూ డబ్బున్నవాళ్ల తెల్లటి బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి. వాటిముందు ఇది పెళ్లింట్లో పాత చీర కట్టుకున్న నాయనమ్మలా ఉంటుంది. అయినా ఫొటోలన్నీ నాయనమ్మకే!

వెళ్లే వీలున్నవాళ్లు ముందురాత్రి సినిమా చూసి వెళ్లండి. బాయిలరు దగ్గర కూర్చున్నప్పుడు కాలు దురద పెడుతుంది గానీ తన్నకండి. వేడిగా ఉంటుంది.