ముల్లు ఎప్పుడు ఎక్కుతోంది?

పొద్దున స్కూల్ గేటు ముందు కార్లు బారులు తీరినప్పుడు, మీది పాత కారైతే మీ కన్ను తప్పకుండా డాష్‌బోర్డు మీది టెంపరేచర్ ముల్లు వైపు పోతుంది. ఈ నెల ఆ ముల్లు గురించే రాస్తున్నాను.

మా నాన్నది మారుతి 800. 1983లో రోడ్డెక్కి, 2014లో తయారీ ఆగిపోయిన ఆ బండి మన వైపు ఇంకా తిరుగుతూనే ఉంది. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది అందులోనే. మొన్న మార్చిలో షాద్‌నగర్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగాం. ముల్లు మెల్లగా పైకెక్కి ‘హెచ్’ను తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి మొదలైంది. నాన్న బండి పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయారు. పక్కనే మా అక్క కూతురు నీళ్ల బాటిల్ పట్టుకుని నిలబడి ఉంది. నేను అరిచి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది కాబట్టి అక్కడి నీళ్లు 110 డిగ్రీలు దాటినా మరగకపోవచ్చు. వేడి మీద మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోయి, సలసల కాగే నీళ్లు, ఆవిరి ముఖం మీదికి చిమ్ముతాయి. తువ్వాలు వాటిని ఆపలేదు. ఇంజిన్ ఆపి కనీసం అరగంట ఆగాలి. పిల్లల్ని దూరంగా నిలబెట్టాలి.

ముందు చూపించిన షెడ్డులో “ఇంజిన్ హెడ్ పోయినట్టుంది, విప్పాలి” అన్నారు. ఖర్చు విన్నాక నాన్న, “తుక్కుకు ఇచ్చేద్దాం బిడ్డా, దీని పని అయిపోయింది” అన్నారు. రెండు రోజులు కారు వైపే చూడలేదు.

మూడో రోజు తెలిసిన మెకానిక్ అన్న ఇంటికొచ్చాడు. ఏదీ విప్పకముందే ఒకటే అడిగాడు. “ముల్లు ఎప్పుడు ఎక్కుతుంది సార్? ఆగినప్పుడా, ఉరికేటప్పుడా?”

నాన్న ఆలోచించారు. హైవే మీద కొత్తూరు దాటి శంషాబాద్ దాకా పోయినా ముల్లు మధ్యలోనే ఉంటోంది. ట్రాఫిక్‌లో ఆగితేనే ఎక్కుతోంది.

“అయితే ముందు ఫ్యాన్ చూద్దాం” అన్నాడు.

బండి వేగంగా పోతుంటే ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లారుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఇంజిన్ నడుస్తూ వేడెక్కినా మా ఫ్యాన్ తిరగలేదు. ఆయన ఫ్యాన్ స్విచ్ దగ్గరి రెండు వైర్లను కలిపాడు. వెంటనే తిరిగింది. అంటే మోటార్ బాగుంది, ఫ్యూజు బాగుంది. వేడిని గుర్తించి ఫ్యాన్‌ను నడపాల్సిన స్విచ్చే పోయింది. దాన్ని విప్పితే మొన మీద తెల్లటి పొర గట్టిపడి ఉంది. మేం ఏళ్లుగా పోసింది బోరు నీళ్లు. గిన్నెల అడుగున కట్టే ఉప్పు పొరే లోపలా కట్టింది. కొత్త స్విచ్ మూడు వందల చిల్లర. రేడియేటర్ కడిగించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయించాం.

ఆ రోజు అన్న చెప్పినవి రాసుకున్నాను. బండి ఉరికేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కితే నీళ్లు తగ్గాయా, రేడియేటర్ పూడిందా, వాటర్ పంపు పనిచేస్తోందా చూడాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు ఎక్కి, పై పైపు వేడిగా, కింది పైపు చల్లగా ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండొచ్చు. చల్లటి ఇంజిన్‌కు తాళం తిప్పగానే ముల్లు పైకి దూకితే తప్పు వేడిది కాదు, సెన్సార్‌దో వైరుదో. వేడి మీదున్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే సంతోషించకండి. నీళ్లు పూర్తిగా పోయి సెన్సార్ గాలిలో మిగిలితే కూడా అలాగే పడుతుంది. నీళ్లు మాటిమాటికీ తగ్గుతూ, తెల్లపొగ వస్తూ, ఆయిల్ పాల రంగుకు మారితే అప్పుడు హెడ్ గాస్కెట్ గురించి ఆలోచించాలి. మాకు మొదటే చెప్పింది ఆ చివరి మాట.

ఆ వారమే యూనిట్ టెస్ట్ పేపర్లు నా టేబుల్ మీదున్నాయి. ఒక బాబుకు ఇంగ్లిష్‌లో 25కి 9 వచ్చాయి. రిమార్కుల గడిలో ‘శ్రద్ధ లేదు’ అని అప్పటికే రాసేశాను. మెకానిక్ అన్న ప్రశ్న గుర్తొచ్చి పేపర్ మళ్లీ తీశాను. మార్కులు ఎక్కడ పోయాయి? మొదటి రెండు పేజీల్లో దాదాపు తప్పుల్లేవు. చివరి రెండు పేజీలు ఖాళీ. పాత పేపర్లలోనూ అంతే. వాడికి రాక కాదు, రాసే వేగం చాలడం లేదు. రిమార్కు కొట్టేసి, వాళ్లమ్మగారికి ఫోన్ చేసి అదే చెప్పాను. ఇప్పుడు రోజూ పది నిమిషాలు రాయిస్తున్నాం. ఇంకా వేగం అందుకోలేదు, అందుకుంటాడు.

వచ్చే మీటింగ్‌లో మార్కులు చూసి మీ బాబునో పాపనో ఏమైనా అనేముందు, ఎక్కడ తగ్గాయో చూద్దాం రండి. పేపర్లన్నీ తీసి పెడతాను. సెలవులకు ఊరెళ్లేవాళ్లు బయల్దేరేముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ చూసుకోండి. మా నాన్న ఇప్పుడు ప్రతి ఆదివారం చూస్తున్నారు. తుక్కు మాట మళ్లీ ఎత్తలేదు.