మూరెడైనా లేని రైలుదారి

పొగబండిని చూసి ముచ్చటపడని పిల్లవాడు వుండడు. పెద్దయ్యాక కూడా ఆ ముచ్చట తీరనివారు ఇంగ్లండులో కొల్లలు. ఇంటి వెనుక కొట్టంలో ఒక లేతు మిషను పెట్టుకుని, సాయంత్రాలూ ఆదివారాలూ దాని ముందే గడిపి, రాగిరేకుతో బాయిలరు అతికి, ఏళ్ల తరబడి శ్రమించి ఒక చిన్న ఇంజనును తయారుచేస్తారు. ఇటువంటివారి కోసమే 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక 1898లో పుట్టింది. ఇవి కీ ఇచ్చి వదిలే బొమ్మలనుకునేరు! నిజంగా బొగ్గు మండాలి, నీరు మరగాలి, ఆవిరి పుట్టాలి. అయిదంగుళాల పట్టాలమీద నడిచే ఇంజను తనను చేసిన మనిషినే వెనుక కూర్చోబెట్టుకుని లాక్కుపోతుంది.

ఈ వ్యసనం ముదిరితే ఎంతదాకా పోతుందో చూడాలంటే, ఆ దేశపు ఆగ్నేయపు కొసన కెంట్ సీమలో వున్న హైద్ అనే సముద్రతీరపు వూరికి వెళ్లాలి. నెపోలియన్ దండెత్తి వస్తాడన్న భయంతో తవ్విన కాలువ ఒకటి అక్కడ వుంది. దాని పక్కనే రైలు స్టేషను. ప్లాట్‌ఫారాలూ, సిగ్నళ్లూ, టిక్కెట్టు కిటికీ అన్నీ మామూలే. పట్టాల వైపు చూస్తేనే ఆశ్చర్యం వేస్తుంది. రెండు పట్టాల నడుమ దూరం 15 అంగుళాలు. అంటే మూరకన్న మూడంగుళాలు తక్కువ! మన దేశపు పెద్ద లైను అయిదున్నర అడుగులు గదా. ఇంజను పెద్ద ఇంజనులో సుమారు మూడోవంతు. పెట్టెలోకి నడుం వంచి దూరాలి; పక్కపక్కన ఇద్దరు పడతారు.

బండి చిన్నదైతే పని సులువనుకోవడం పొరపాటు. ఏ వస్తువునైనా అన్ని వైపులా మూడోవంతుకు తగ్గిస్తే, లోపల పట్టే నీరు ఇరవైయేడోవంతుకు పడిపోతుంది. గాలి తగిలే పైభాగం మాత్రం తొమ్మిదోవంతు మిగులుతుంది. అందుచేత చిన్న బాయిలరు చప్పున చల్లారుతుంది. నిప్పును, నీటిమట్టాన్ని ఏమరకుండా చూసుకోవాలి. పెద్ద ఇంజనులో డ్రైవరు వేరు, బొగ్గు వేసేవాడు వేరు. ఇక్కడ రెండు పనులూ ఒక్కడే, అదీ కూర్చునే చెయ్యాలి. గంటకు 25 మైళ్ల వేగంతో, నేలకు అంత దగ్గరగా పోతుంటే వాయువేగమనే అనిపిస్తుంది.

ఈ దారికి మూలపురుషులు ఇద్దరు మిత్రులు. ఒకరు కెప్టెన్ హోవీ, మరొకరు కౌంట్ లూయీ జ్బోరోవ్‌స్కీ. ఇద్దరూ ధనవంతులే, ఇద్దరికీ మోటారు పందేల పిచ్చే. సొంతాన ఒక చిన్న రైలు వేసుకోవాలని ఇద్దరూ తలపెట్టారు. బొమ్మ రైళ్ల నిర్మాణంలో పేరు మోసిన హెన్రీ గ్రీన్లీ చేత నమూనాలు గీయించి, కౌంట్ రెండు ఇంజనులకు ఆర్డరు ఇచ్చాడు. అవి తయారై రాకముందే, 1924లో ఇటలీలోని మోంజా పందెంలో కారు చెట్టును గుద్దుకుని కన్నుమూశాడు. అతని తండ్రి కూడా 1903లో మోటారు పందెంలోనే పోయాడు!

మిత్రుడు పోయినా హోవీ పని ఆపలేదు. రామ్నీ పర్రభూములలో చోటు దొరికింది. 1926లో యార్క్ డ్యూకు, అంటే తరువాత ఆరవ జార్జి రాజైన ఆయన, స్వయంగా వచ్చి ఇంజను నడిపి చూశాడు. 1927 జులైలో హైద్‌నుంచి న్యూ రామ్నీ దాకా బండి నడిచింది; 1928లో డంజినెస్ దాకా సాగింది. మొత్తం పదమూడున్నర మైళ్లు. కౌంట్ చేయించిన 'గ్రీన్ గాడెస్', 'నార్దరన్ చీఫ్' ఈ దారికి మొదటి రెండు ఇంజనులయ్యాయి.

బండి ఎక్కితే మొదట ఇళ్ల పెరళ్లు, ఆపైన గొర్రెలు మేసే పచ్చిక బయళ్లు. డిమ్‌చర్చ్ దగ్గర సముద్రాన్ని పెద్ద గోడ ఆపుతోంది. న్యూ రామ్నీలో ఇంజనుల కొట్టాలు. అది దాటాక పచ్చదనం పలచబడి, చివరికి డంజినెస్‌లో కనుచూపుమేరా గులకరాళ్లే. పాత రైలుపెట్టెలనే ఇళ్లుగా మార్చుకున్నవారున్నారు అక్కడ. పక్కనే దీపస్తంభాలు, కరెంటు తీయడం మానేసిన అణువిద్యుత్ కేంద్రం. పట్టాలు ఆ రాళ్లలో గుండ్రంగా చుట్టి వెనక్కి వస్తాయి, ఇంజనును తిప్పే పని లేకుండా.

రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం ఈ దారిని తీసుకుంది. 'హెర్క్యులీస్' అనే ఇంజనుకు ఉక్కు కవచం తొడిగి, పెట్టెలకు తుపాకులు బిగించారు. సముద్రం అడుగున ఫ్రాన్సుకు పెట్రోలు పంపే గొట్టాలను మోసింది కూడా ఈ బుల్లి బండ్లే. యుద్ధం ముగిశాక పట్టాలు బాగుచేసి, 1947లో డంజినెస్ దారిని మళ్లీ తెరిచినప్పుడు హాస్యనటులు లారెల్, హార్డీ వచ్చారు.

అసలు పరీక్ష 1963లో హోవీ మరణంతో వచ్చింది. దారి చేతులు మారింది, మూతపడే గడియ దాపురించింది. అయితే 1970 దశకం తొలినాళ్లలో విలియం మెకాల్పిన్ ముందుండగా కొందరు కలిసి దాన్ని నిలబెట్టారు. 1977నుంచి 2015 దాకా ఈ బండి బడిపిల్లలను రోజూ న్యూ రామ్నీ చేరవేసింది. నేటికీ ఎందరో జీతం పుచ్చుకోకుండా ఇక్కడ పని చేస్తున్నారు.

ధనవంతుల సరదాలు వారితోనే సమసిపోవడం లోకంలో మామూలే. హోవీ సరదా మాత్రం ఆయన తరువాత కూడా బ్రతికింది. పలక పట్టుకుని బడికి పోయే పిల్లవాడికీ, మసి పూసుకుని ఇంజను తుడిచే పెద్దమనిషికీ అది సొంతమైంది గనుకనే బ్రతికింది.