పదకొండో తూటా

మెకానికల్ బ్రాంచిలో చదివినవాడికి ఒక జబ్బుంటుంది. ఏ వస్తువు చేతికొచ్చినా, దీంతో ఇంకాస్త ఎక్కువ పని చేయించడం ఎలాగా అని చూస్తాడు. మన వర్క్‌షాపులో నేర్చుకున్నదీ అదే గదా! ఒక వస్తువు కావాలని తక్కువ పని చేసేటట్టు చెయ్యడం కూడా ఇంజనీరింగేనని, ఉద్యోగరీత్యా కెనడా వచ్చి స్థిరపడ్డాక మా పక్కింటాయన పుణ్యమా అని తెలిసింది.

ఆయన లేతు మీద పనిచేసి రిటైరయిన మనిషి. లైసెన్సు ఉంది, ఆదివారాలు క్లబ్బులో పిస్టల్‌తో గురి చూసి కొట్టడం సరదా. ఒకరోజు ఆయన బల్ల మీద ఒక మ్యాగజీన్ కనిపించింది. మ్యాగజీన్ అంటే మీ చేతిలో ఉన్న ఈ సంచిక లాంటిది కాదు సుమండీ! పిస్టల్ పిడిలో దూర్చే సన్నటి పెట్టె. ఎన్.సి.సి.లో .303 రైఫిల్ పట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. లోపల స్ప్రింగు, స్ప్రింగు మీద చిన్న పలక, పలక మీద తూటాలు. తూటాలు నొక్కుతున్నకొద్దీ పలక కిందికి దిగుతుంది, పేలుస్తున్నకొద్దీ స్ప్రింగు పైకి తోస్తుంది. ఇంతే యంత్రం.

బెరెట్టా 92 మ్యాగజీన్‌లో మామూలుగా 15 తూటాలు పడతాయి, గ్లాక్ 17లో 17. కెనడా చట్టం మాత్రం పిస్టల్‌కి 10 దాటకూడదంటుంది. మరి 15కని చేసిన పెట్టెనేం చెయ్యాలి? పదో తూటా పట్టాక పలక ఇక దిగకుండా అడ్డు పెట్టాలి. ఆ అడ్డు మళ్లీ ఊడకూడదు. అందుకే నిబంధనల్లో పద్ధతులు కూడా రాసిపెట్టారు: పెట్టె గోడను లోపలికి సొట్టపడేట్టు నొక్కడం, ఉక్కుదో అల్యూమినియందో అయితే లోపల అడ్డుముక్క పెట్టి వెల్డింగో బ్రేజింగో చెయ్యడం, ఇలాగ. మా ఆయన పెట్టెకి దుకాణంవాళ్లే పక్కగా రివెట్ కొట్టి ఇచ్చారు. శనగగింజంత కూడా లేదు.

మనకు సహజంగా వచ్చే ప్రశ్నే నేనూ అడిగాను: “ఇది ఊడదీయడం మీకొక లెక్కా?”

“లెక్కేం కాదు. కానీ తీస్తే నేరం. తీయకపోతే, క్లబ్బులో మాటిమాటికీ మ్యాగజీన్ మార్చుకోవాలని కాస్త విసుగు. రెండిట్లో విసుగే నయం” అన్నాడు.

ఈ రివెట్ వెనక ఒక కాలేజీ ఉంది. 1989 డిసెంబరు 6న మాంట్రియల్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ అనే ఇంజనీరింగ్ కాలేజీలోకి ఒకడు రైఫిల్‌తో వచ్చాడు. ఒక క్లాసులో మగపిల్లల్ని బయటికి పంపేసి ఆడపిల్లల మీద కాల్పులు జరిపాడు. ఆ రోజు కాలేజీలో 14 మంది స్త్రీలు చనిపోయారు, ఎక్కువమంది ఇంజనీరింగ్ విద్యార్థినులే. 1991లో వచ్చిన చట్టంతో, దాని కింది నిబంధనలతో ఈ పరిమితులు వచ్చాయి.

పది అనే అంకె వేదవాక్కు కాదు. అమెరికాలో 1994లో తెచ్చిన 10 తూటాల పరిమితి 2004లో గడువు తీరి పోయింది. కొలరాడో 2013లో 15 అంది. న్యూయార్క్ అదే ఏడు, పది పట్టే పెట్టెలో ఏడే నింపాలంది; డిసెంబరు ఆఖరున కోర్టు ఆ ఏడుని కొట్టేసింది. అంకెల సంగతెలా ఉన్నా, అసలు విషయం మ్యాగజీన్ మార్చేటప్పటి ఆ కాస్త వ్యవధి. 2011 జనవరిలో అరిజోనాలోని టూసాన్‌లో ఒకడు 33 తూటాల మ్యాగజీన్‌తో ఆరుగురిని చంపాడు. అది అయిపోయి ఇంకోటి పెట్టబోతుండగా అక్కడున్నవాళ్లు మీదపడి పట్టుకున్నారు. ఒక స్త్రీ ఆ రెండో మ్యాగజీన్ లాగేసుకుంది.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది, దాచకూడదు. 2007లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో 32 మందిని చంపినవాడు చాలా మ్యాగజీన్లు వెంట తెచ్చుకున్నాడు. పది పరిమితి ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదని విచారణ సంఘమే అంది.

మరి మా పక్కింటాయన లాంటి పెద్దమనిషిని కట్టెయ్యడమెందుకు అంటారా? నేనూ చాలాకాలం ఆలోచించాను. పెట్టె మనిషి కన్నా ఎక్కువకాలం బతుకుతుంది. రేపు చేతులు మారవచ్చు, దొంగలపాలు కావచ్చు. ఆయన మంచితనం పెట్టె వెంట పోదు, రివెట్ పోతుంది. దొంగ దాన్ని ఊడబీకలేడని కాదు. కాని ఊడబీకడానికి పని పెట్టుకోవాలి, అప్పుడది తెలిసి చేసిన నేరమవుతుంది. 2022 అక్టోబరు నుంచి అక్కడ మామూలు జనం పిస్టళ్లు కొనడం, అమ్మడం దాదాపు ఆగిపోయింది. పాత పెట్టెలూ, వాటి రివెట్లూ మాత్రం ఇళ్లల్లో అలాగే ఉన్నాయి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు గీసే డ్రాయింగుల్లో ఏది ఎంత మొయ్యాలో, ఎంత వేగంగా తిరగాలో తప్పకుండా రాస్తారు. ఎక్కడ ఆగాలో కూడా రాయండి. అది మీరు రాయకపోతే ఎప్పుడో ఎవరో రివెట్ కొట్టవలసివస్తుంది, అదీ కొందరు పోయాక.